నూరోసారి చెప్పేవాళ్ళు, మొదటిసారి వినేవాళ్ళు: తెలుగు వికీపీడియాలో పాత, కొత్త వాడుకరుల మర్యాద (ప్రసంగ పాఠం)

ముందుగా, వికీపీడియాలో పాత వాడుకరి కొత్త వాడుకరికి పంపే సందేశం ఒకటి చదువుతాను, వినండి. ఇది ఏ ఒక్కరో రాసింది కాదు. అలాంటివి చూసీ చూసీ నమూనా కోసం నేను అల్లుకున్నది. కాబట్టి ముందు వరసలో కూర్చున్న పాత వాడుకరులు ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

"మీరు సృష్టించిన పేజీలో మూలాలు లేవు. విషయ ప్రాముఖ్యత కనబడడం లేదు. శైలి వికీకి తగినట్టు లేదు. పేజీని తొలగింపుకు ప్రతిపాదించాను. ఇకపై పేజీలు సృష్టించే ముందు నియమాలు చదవగలరు."

ఇందులో తప్పేముంది? చెప్పండి. తిట్టు ఉందా? లేదు. అబద్ధం ఉందా? అదీ లేదు. "చదవగలరు" అని మర్యాదగానే ముగిసింది. అయినా ఇది అందుకున్న మనిషి మళ్ళీ వికీ వైపు రాకపోవచ్చు. ఎందుకు రాడు?

ఆ మనిషి వైపు నుంచి చూడండి. ఊరి చెరువు గురించి రాయాలనుకున్నాడు. ఫోనులో, రాత్రి భోజనాలయ్యాక, ఒత్తులూ పొల్లులూ వెతుక్కుంటూ రెండు గంటలు టైపు చేశాడు. ప్రచురించు అన్న బటన్ నొక్కాడు. పేజీ కనబడింది, సంతోషించాడు. అయిదు నిమిషాల్లో ఎర్రటి పెట్టె ఒకటి పేజీ నెత్తిన వచ్చి కూర్చుంది. తొలగింపు అన్న మాట అందులో ఉంది. ఇతరులు తనకు సందేశాలు రాసే చర్చ పేజీలో పై సందేశం ఉంది. చర్చ పేజీ అనేది ఒకటుందని కూడా ఆయనకు ఆ క్షణందాకా తెలియదు.

ఇప్పుడు పాత వాడుకరి వైపు నుంచి చూడండి. ఆయనా జీతానికి చేయడం లేదు. పొద్దున్నే ఇటీవలి మార్పుల జాబితా తెరిచాడు. మూలాల్లేని, అంటే ఆధారం చూపని పేజీల్లో ఇది ఆరోజుకి నాలుగోది. మూలాలు కావాలి అని ఆయన ఇప్పటికి ఎన్నిసార్లు రాసి ఉంటాడు? నూరుసార్లు అనుకుందాం. నూరోసారి ఏ మనిషైనా పొడిగానే చెబుతాడు. వినేవాడికి మాత్రం ఇదే మొదటిసారి. చెప్పేవాడికి నూరోసారి, వినేవాడికి మొదటిసారి. ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది. మళ్ళీ మళ్ళీ ఇదే అంటాను, విసుక్కోకండి.

ఇది వికీపీడియాతో పుట్టిన గొడవ కాదు. వెబ్‌కు ముందే యూజ్‌నెట్ అని, గుంపులుగా సందేశాలు రాసుకునే వేదిక ఒకటుండేది. ఏటా సెప్టెంబరులో అమెరికా కాలేజీల్లో చేరిన కొత్త విద్యార్థులకు నెట్ దొరికేది. వాళ్ళు వచ్చి పడేవాళ్ళు, తెలియక అడ్డదిడ్డంగా రాసేవాళ్ళు. పాతవాళ్ళు ఒక నెల ఓపిక పట్టి నేర్పేవాళ్ళు. అక్టోబరుకి అంతా సర్దుకునేది. 1993-94 ప్రాంతంలో అమెరికా ఆన్‌లైన్ లాంటి కంపెనీలు మామూలు ఇళ్ళకు ఆ తలుపు తెరిచేశాయి. ఇక రోజూ సెప్టెంబరే. కొత్తవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. నేర్పే చేతులకంటే వచ్చే మనుషులు ఎక్కువయ్యారు. అంతే.

1995 అక్టోబరులో ఆర్ఎఫ్‌సీ 1855 అని నెట్ మర్యాదల పత్రం ఒకటి వచ్చింది. కొత్తవాళ్ళకు అందులో ఒక సలహా ఉంది: ఏ గుంపులోనైనా ఒకటి రెండు నెలలు ఊరికే చదవండి, ఆ తరవాతే రాయండి. బావుంది కదా? ఇప్పుడు వికీపీడియా ఏమంటోంది? వచ్చిన నిమిషంలోనే దిద్దండి, చొరవ తీసుకోండి అంటోంది. అంటే కొత్తవాడు పద్ధతి చూసి నేర్చుకునే ఆ రెండు నెలలూ మనమే తీసేశాం. తీసేసినందుకే వికీపీడియా ఇంత పెరిగింది, అది వేరే సంగతి. కానీ తీసేసి, మళ్ళీ "నియమాలు చదవకుండా వచ్చారేం" అని అడగడం ఏం న్యాయం?

ఇంగ్లీషు వికీపీడియాలో దీని ఫలితం లెక్కల్లో కనబడింది. అక్కడ చురుకైన వాడుకరుల సంఖ్య 2007లో శిఖరానికి చేరి, అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధనలో కారణం వెతికారు. కొత్తగా వచ్చేవాళ్ళలో మంచి ఉద్దేశంతో వచ్చేవాళ్ళ వాటా తగ్గలేదు. తగ్గింది వాళ్ళలో నిలబడేవాళ్ళు. దుశ్చర్యల్ని అడ్డుకోవడానికి పెట్టుకున్న బాట్లు (తమంతట తామే దిద్దే ప్రోగ్రాములు), ఒక్క నొక్కుతో రద్దుచేసే పనిముట్లు మంచివాళ్ళ మొదటి మార్పుల్ని కూడా తిప్పికొట్టాయి. అక్కడంటే జనం ఎక్కువ, కొంత పోయినా నడుస్తుంది. మన దగ్గర నెలనెలా క్రమం తప్పకుండా పనిచేసేవాళ్ళు పదుల్లోనే. ఒక మనిషి పోతే ఒక జిల్లా పోయినట్టే. నిజంగానే, కొన్ని జిల్లాల ఊళ్ళ పేజీలు చూసుకునేది ఒక్కొక్కరే కదా!

సరే, ఏం చేయాలి? ముందు పాతవాళ్ళకు.

మొదటిది, ఒక గంట ఆగండి. కొత్త పేజీ కనబడగానే మూస (ఆ ఎర్ర పెట్టె లాంటి సిద్ధ ప్రకటన) అంటించకండి. ఇంగ్లీషు వికీలో కొత్త పేజీలు పరిశీలించేవాళ్ళకు, అసంపూర్తిగా ఉందన్న కారణంతో గంటలోపు తొలగింపుకు పెట్టొద్దని చెబుతారు. మన దగ్గర అంతకంటే ఎక్కువే ఆగవచ్చు, కొంపలేం మునిగిపోవు. ఆగకూడనివి రెండున్నాయి. ఒకటి, ఎక్కణ్ణుంచో యథాతథంగా ఎత్తిపెట్టిన పాఠం. రెండు, బతికున్న మనిషి మీద ఆధారం లేని ఆరోపణ. ఈ రెండూ చూసిన వెంటనే తీసేయాలి, మర్యాద పేరుతో ఆగితే తప్పు. మిగతావన్నీ ఆగుతాయి.

ఈ గంటలో ఇంకోటి కూడా జరుగుతుంది. కొత్తవాడు పేజీ ప్రచురించి, మళ్ళీ తెరిచి, రెండో పేరా రాస్తూ ఉంటాడు. ఈలోపు మీరు వెళ్ళి ఒక కామా సరిదిద్దో, ఒక వర్గం చేర్చో భద్రపరిచారు. ఇద్దరూ ఒకే చోట దిద్ది ఉంటే, ఆయన ప్రచురించు నొక్కేసరికి దిద్దుబాటు ఘర్షణ అని ఒక తెర వస్తుంది. మీరూ నేనూ అయితే మన పాఠం కాపీ చేసుకుని మళ్ళీ అతికిస్తాం. కొత్తవాడికి అదేంటో అర్థం కాదు, వెనక్కి నొక్కుతాడు. రాసిన పేరా గల్లంతు! మీరు ఒక్క కామా పెట్టారు, ఆయన అరగంట పని పోయింది. పేజీ మార్పుల చరిత్ర చూడండి: చివరి మార్పు జరిగి ఇరవై నిమిషాలు కాలేదంటే చెయ్యి పెట్టకండి. కొత్తవాళ్ళూ, మీకు కూడా ఒక మాట. పెద్ద పాఠం రాస్తున్నప్పుడు "నిర్మాణంలో ఉంది" అన్న మూస పైన పెట్టుకోండి. లేదా మొత్తం మీ ప్రయోగశాలలో (సాధనకు మీ పేరుతో ఉండే పేజీలో) రాసుకుని, అయ్యాక తరలించండి.

రెండోది, రద్దు. మీరు ఒక మార్పును రద్దుచేస్తే అవతలి మనిషికి గంట బొమ్మ దగ్గర కబురు వెళుతుంది. చాలామంది కొత్తవాళ్ళు అందుకునే తొలి కబుర్లలో అదొకటి. కాబట్టి మార్పుతో పాటు కారణం రాసే దిద్దుబాటు సారాంశం ఖాళీగా వదలకండి. "తప్పు" అని రాయకండి. "అనవసరం" అని అసలే రాయకండి. "ఈ జనాభా అంకెకు మూలం లేదు, 2011 జనగణన అంకెను ఉంచాను, చర్చ పేజీలో రాశాను" అనండి. ఒక్క వాక్యమే. ఆ వాక్యం ఆయనకు కోపం తెప్పించదు, దారి చూపిస్తుంది.

మూడోది, సందేశం. మొదట చదివినదాన్నే తిరగరాస్తే ఎలా ఉంటుందో చూడండి.

"నమస్కారం. మీ ఊరి చెరువు గురించి రాసిన పేజీ చదివాను. ఆయకట్టు వివరాలు, తూముల పేర్లు వికీలో ఇంతవరకు ఎక్కడా లేవు. ఒక్క ఇబ్బంది ఉంది. ఆ అంకెలు ఎక్కడివో పేజీలో లేదు. పుస్తకంలోనో, పత్రికలోనో, ప్రభుత్వ నివేదికలోనో ఉంటే దాని పేరు, పేజీ సంఖ్య ఇక్కడే రాయండి, ఎలా చేర్చాలో నేను చేసి చూపిస్తాను. అప్పటిదాకా పేజీని మీ ప్రయోగశాలకు తరలించాను. మీరు రాసిందేదీ పోలేదు, ఈ లింకులో ఉంది."

తేడా ఎక్కడుంది? తూముల గురించి అన్నారు కాబట్టి పేజీ చదివారని ఆయనకు తెలిసింది. లోపాలు అయిదున్నా ఒక్కటే చెప్పారు. నిజంగానే ఒక్కటే చెప్పండి, శైలి సంగతి వచ్చే వారం చూసుకోవచ్చు. నియమాల పేజీకి పంపకుండా పని చెప్పారు. అన్నిటికంటే ముఖ్యం, "రాసిందేదీ పోలేదు" అన్నారు. కొత్తవాడి మొదటి భయం అదే. ఇది రాయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. రోజుకు పది మందికి రాయలేరు, ఒప్పుకుంటాను. ఇద్దరికి రాయండి, మిగతా ఎనిమిది మందిని ఇంకొకరికి వదలండి. అందరికీ మనమే చెప్పాలనుకోవడం వల్లే అందరికీ పొడిగా చెబుతున్నాం.

ధన్యవాదాలు అని పేజీ చరిత్రలో ప్రతి మార్పు పక్కనా ఒక లింకుంటుంది. 2013 నుంచీ ఉంది. రెండు నొక్కులు. వాడండి.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి. వయసు. ఇంగ్లీషులో అందరూ అందర్నీ ఒక్కలాగే సంబోధిస్తారు, అక్కడ ఈ గొడవ లేదు. మన దగ్గర? ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన తెలుగు మాస్టారు ఖాతా తెరుస్తారు. శతక సాహిత్యం మీద రాస్తారు. ఆయన మార్పును రద్దుచేసిన పాత వాడుకరి ఎవరు? ఇంజినీరింగు మూడో సంవత్సరం కుర్రాడు! వికీలో అతను పెద్ద, బయట ఈయన పెద్ద. "నాకు ఛందస్సు నేర్పుతావా నువ్వు" అని మాస్టారికి అనిపిస్తుంది. అనిపించడం సహజం. ఆ కుర్రాడికేమో తను చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనదే కదా అనిపిస్తుంది. అదీ సహజమే. అతను అడిగింది మూలం, ఆయనకు వినబడింది అనుమానం.

ఇక్కడ ఏం చేయాలి? కుర్రాళ్ళూ, మీరు విషయం గురించి వాదించకండి, పద్ధతి ఒక్కటే చెప్పండి. "మీరు రాసింది తప్పని కాదండీ. చదివేవాళ్ళు సరిచూసుకోవడానికి పుస్తకం పేరు కావాలి. మీరు చూసి రాసిన పుస్తకం ఏది?" అని అడగండి. మాస్టారి దగ్గర పుస్తకం ఉంటుంది. అడిగే తీరులో అడిగితే పది పుస్తకాల పేర్లు చెబుతారు. మాస్టార్లూ, మీకూ ఒక మనవి. వికీలో మీ డిగ్రీ, మీ అనుభవం మూలం కాదు. మీరు రాసిన పుస్తకం అచ్చయి ఉంటే అది మూలం కావచ్చు, మీ మాట కాదు. అది మీకొక్కరికే పెట్టిన నియమం కాదు, నోబెల్ వచ్చిన మనిషికైనా అంతే.

ఇక, తెర అవతల ఉన్నది ఎవరో తెలియనప్పుడు అందరికీ మీరు, అందరికీ గారు. "రాశాడు", "రాసింది" అని ఊహించకండి, "రాశారు" అంటే సరిపోతుంది. అతి మర్యాద కూడా వద్దు సుమా. "తమరికి తెలియనిదేముంది" అన్నారనుకోండి, అది మర్యాదా, వెటకారమా? ఎదురుగా ఉంటే ముఖం చూసి తెలుసుకుంటాం. తెర మీద అందరూ వెటకారంగానే చదువుతారు.

ఫోన్లు, వాట్సాప్. ఇది రెండు వైపులా జరుగుతోంది. కొత్తవాళ్ళు పేజీలు తొలగించే అధికారమున్న నిర్వాహకుల నంబరు ఎలాగో సంపాదించి ఫోను చేస్తారు, "నా పేజీ ఎందుకు తీశారు" అని. పాతవాళ్ళేమో ఒక విషయం గ్రూపులో మాట్లాడేసుకుని, వికీలో అందరూ చర్చించే రచ్చబండ పేజీలో వరసగా మద్దతు అని సంతకాలు పెడతారు. రచ్చబండలో మాత్రమే ఉన్న కొత్త మనిషికి అదెలా కనబడుతుంది? కూడబలుక్కుని వచ్చారు అనే. అది పూర్తిగా అపోహ అని చెప్పగలమా? టైపు చేయడం ఎలాగో ఫోనులో నేర్పండి, తప్పులేదు. నిర్ణయం మాత్రం చర్చ పేజీలో జరగాలి, వాదనతో సహా. రేపు వచ్చేవాడు చదువుకోగలిగేది ఆ పేజీనే.

పాతవాళ్ళకు ఇంకొక్క మాట చెప్పి కొత్తవాళ్ళ దగ్గరికి వస్తాను. 2003 డిసెంబరులో తెలుగు వికీ మొదలైనప్పుడు అందరూ కొత్తవాళ్ళే. ఆ తొలినాళ్ళ పేజీలు, రెండు వాక్యాల మొలకలు, మూలం ఒక్కటీ లేనివి, ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. జనరల్ బోగీలో ఎక్కేదాకా "కాస్త జరగండి" అన్న మనిషే ఎక్కి కూర్చున్నాక "ఇక్కడ ఖాళీ లేదు" అంటాడు. కొత్తవాడి పేజీకి ఎర్ర పెట్టె పెట్టే ముందు మీ మొదటి పది మార్పులు తెరిచి చూసుకోండి. మీ రచనల జాబితాలో పాతవి ముందు వచ్చేలా పెట్టుకుంటే రెండు నిమిషాల పని.

కొత్తవాళ్ళూ, ఇక మీ వంతు.

మొదటి పది మార్పులు చిన్నవి చేయండి. అచ్చుతప్పు సరిచేయండి. మీ ఊరి పేజీ ఇప్పటికే ఉంటుంది, అందులో మండలం పేరు పాతదేమో చూడండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. మారని పేజీలు ఇంకా దొరుకుతాయి. ఒక మూలం చేర్చండి. ఇలా పది చేస్తే రెండు సంగతులు జరుగుతాయి. పనిముట్టు చేతికి అలవాటవుతుంది. మీ పేరు పాతవాళ్ళ కంటికి అలవాటవుతుంది. పదకొండోసారి మీరు కొత్త పేజీ పెడితే, అది చూసే చూపే వేరు.

మీ గురించి, మీ నాన్నగారి గురించి, మీరు పనిచేసే సంస్థ గురించి పేజీ పెట్టకండి. కొత్తవాళ్ళ పేజీలు కొట్టుకుపోయేది ఎక్కువగా ఇక్కడే. మీ నాన్నగారు గొప్పవారు కారని ఎవరూ అనడం లేదు. ఆయన గురించి మీరు తటస్థంగా రాయలేరు, అంతే. బొమ్మలూ అంతే. గూగుల్లో దొరికింది మీది కాదు. వాట్సాప్‌లో వచ్చింది మీది కాదు. మీ ఫోనుతో మీరు తీసిన గుడి గోపురం, మీ ఊరి సంత, అవి మీవి. వికీ బొమ్మల భండారమైన కామన్స్‌లోకి ఎక్కించండి.

మీ మార్పు తీసేశారు. ఏం చేస్తారు? మళ్ళీ పెట్టేస్తారు కదూ? వద్దు. ముందు చరిత్ర ట్యాబు తెరవండి. ఎవరు తీశారో, ఎందుకు తీశారో అక్కడ ఒక వాక్యం ఉంటుంది, ఉండాలి. లేకపోతే పేజీ చర్చలో అడగండి. మీరు పెట్టడం, వాళ్ళు తీయడం, మళ్ళీ మీరు పెట్టడం: ఇంగ్లీషు వికీలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడు సార్లకు మించి ఇలా తిప్పితే దిద్దకుండా నిరోధించవచ్చు, విషయంలో మీరు కరెక్టయినా సరే.

అడిగేటప్పుడు ఎలా అడగాలి? "నా పేజీ పోయింది, న్యాయం చేయండి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. పేజీ పేరు, మీరు నొక్కిన బటన్, తెర మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఫోనా కంప్యూటరా. ఈ నాలుగూ రాయండి. ఒక్కచోటే అడగండి. ఆరుగురు నిర్వాహకుల చర్చ పేజీల్లో ఒకే ప్రశ్న అతికిస్తే, ఇంకొకరు చెబుతారులే అని ఆరుగురూ ఊరుకుంటారు. రెండు మూడు రోజులు ఆగండి, వాళ్ళకీ ఉద్యోగాలున్నాయి. జవాబు వచ్చాక, పని అయిందో లేదో ఒక ముక్క చెప్పండి. అది చాలామంది మరిచిపోతారు.

సంతకం. చర్చ పేజీలో రాసిన ప్రతిసారీ చివర నాలుగు టిల్డెలు (~~~~). కంప్యూటర్లో ఎస్కేప్ మీట కింద ఉంటుంది, షిఫ్టుతో. సందేశం కింద ఉండే జవాబు లింకు నొక్కి రాస్తే సంతకం దానంతటదే పడుతుంది, అది ఇంకా సుఖం. చర్చలో ఇతరులు రాసింది దిద్దకండి, అచ్చుతప్పున్నా సరే. మీరు రాసింది మీకు నచ్చకపోతే చెరిపేయకుండా కొట్టివేత గీత పెట్టండి. ఎందుకంటే ఈలోపు దానికి ఎవరో జవాబిచ్చి ఉంటారు. మీది మాయమైతే వాళ్ళ జవాబు గాలిలో వేలాడుతుంది.

చివరిగా, గుంపుగా వచ్చే కొత్తవాళ్ళు. లెక్చరర్లు కొందరు వచ్చారు కాబట్టి ఇది వివరంగా చెబుతాను. కాలేజీలో వికీ శిక్షణ పెట్టారు. అరవై మంది పిల్లలు, ఒకటే వైఫై. ఏడో విద్యార్థి దగ్గర ఖాతా తెరవడం ఆగిపోతుంది. ఒక ఐపీ అడ్రసు నుంచి, అంటే ఒకే నెట్ కనెక్షన్ నుంచి, రోజుకు 6 ఖాతాలే అన్న పరిమితి ఎప్పటినుంచో ఉంది. పిల్లలకు తెలియదు, లెక్చరర్‌కు తెలియదు, గంట వృథా. కాబట్టి ముందురోజే ఇళ్ళ నుంచి ఖాతాలు తెరిచి రమ్మనండి. లేదా మినహాయింపు కోసం ముందుగా అడగండి.

అది సాంకేతికం. అసలుది ఇంకొకటి. "ఒక్కొక్కరు ఒక వ్యాసం, మార్కులు పది" అన్నారనుకోండి. సాయంత్రానికి అరవై వ్యాసాలు పడతాయి, అనువాద పరికరం ఇచ్చింది ఇచ్చినట్టు. మన సెప్టెంబరు మళ్ళీ వచ్చిందన్నమాట, ఒక్క పూటలో! ఆ అరవై వ్యాసాలూ బాగుచేయాల్సింది ఎవరు? ముందు వరసలో ఉన్న ఈ నలుగురూ. పిల్లలు మర్నాడు మళ్ళీ రారు, మార్కులు వచ్చేశాయి కదా. 2009-11 మధ్య గూగుల్ సంస్థ డబ్బిచ్చి తెలుగు, తమిళం లాంటి భాషల్లోకి ఇంగ్లీషు వ్యాసాలు అనువాదం చేయించినప్పుడు జరిగిందీ ఇదే. పెద్ద పెద్ద వ్యాసాలు వచ్చాయి, కృతకమైన భాషతో, ఇంకా లేని పేజీలకు చూపే ఎర్ర లింకులతో. అడిగితే జవాబు చెప్పే మనిషి లేడు, అనువాదకులు చర్చ పేజీ చూడరు. తమిళ వికీపీడియన్లు 2010లో పోలండ్‌లోని గ్దాన్స్క్‌లో జరిగిన వికీమేనియా సమావేశంలో ఈ సంగతి లేవనెత్తారు.

కాబట్టి లెక్చరర్లూ, వారం ముందు రచ్చబండలో రాయండి. తేదీ, ఎంతమంది, ఏ విషయం, విద్యార్థుల వాడుకరి పేర్ల జాబితా. కొత్త పేజీలు వద్దు. ఉన్న పేజీలో మూడు మూలాలు చేర్చడం, ఒక విభాగం రాయడం పెట్టండి. మార్కులు బైట్లకు, అంటే రాసిన పాఠం పొడవుకు, ఇవ్వకండి. నెల తరవాత ఎవరి పని నిలిచిందో చూసి ఇవ్వండి. ఇద్దరు పాత వాడుకర్లను ముందే అడిగి పెట్టుకోండి, ముప్ఫై మందికి ఒకరు. అంతకంటే పిల్లలు ఎక్కువైతే రెండు విడతలు చేయండి.

ప్రశ్నలకు పావుగంట ఉందన్నారు. మైకు చేతికి వచ్చాక మీ వాడుకరి పేరు కూడా చెప్పండి. ఫలానా పేజీ గురించి అయితే పేజీ పేరు చెప్పండి, ఇక్కడే తెర మీద చరిత్ర తెరిచి చూద్దాం. ముందు వెనక వరసల వాళ్ళు అడగండి.